ఫ్యాక్టరీ యార్డులో పడ్డ వాన నీటికి కూడా పర్మిట్టా? అమెరికా ఇండస్ట్రియల్ స్టార్మ్‌వాటర్ రూల్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చిన్నదో పెద్దదో ప్లాంట్ నడుపుతున్న మనవాళ్ళు, ప్లాంట్లలో సేఫ్టీ ఎన్విరాన్‌మెంట్ ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి తెలిసినంతవరకు రాస్తున్నా. ఎక్కువగా ఈపీఏ (అమెరికా ఫెడరల్ పర్యావరణ ఏజెన్సీ) వాళ్ళ 2021 పర్మిట్ చుట్టూనే చెప్తాను, ఎందుకంటే చాలా స్టేట్లు తమ పర్మిట్లు రాసుకునేటప్పుడు దాన్నే ముందు పెట్టుకుంటాయి. అంకెలు మాత్రం మీ స్టేట్ పర్మిట్ తీసి సరిచూస్కోండి.

వాన నీళ్ళే కదండీ, దానికి పర్మిట్ ఎందుకు?

పడేటప్పుడు వాన నీళ్ళే. మీ రేకుల కప్పు మీద, లోడింగ్ డాక్ మీద, తుక్కు ఇనుము కుప్ప మీద, ఫోర్క్‌లిఫ్ట్ కార్చిన ఆయిల్ మీద నుంచి పారి పక్క కాలవలో కలిసేసరికి అది వేరే నీళ్ళు. ఒక ఎకరం గచ్చు మీద ఒక్క అంగుళం వాన పడితే దగ్గర దగ్గర 27 వేల గ్యాలన్లు, అది మొత్తం మీ యార్డుని కడిగేసి ఏ ట్రీట్‌మెంటూ లేకుండా నేరుగా వాగులోకి పోతుంది. 1972 క్లీన్ వాటర్ యాక్ట్ మొదట్లో పైపుల్లోంచి వచ్చే ఫ్యాక్టరీ నీళ్ళ మీదే ఎక్కువ చూపు పెట్టింది, తర్వాత 1987లో కాంగ్రెస్ చట్టాన్ని సవరించి 402(పి) సెక్షన్ పెట్టింది, 1990 నవంబర్‌లో ఈపీఏ రూల్ వచ్చింది, అప్పట్నుంచే ఇండస్ట్రియల్ స్టార్మ్‌వాటర్‌కి పర్మిట్ తప్పనిసరి. కొత్త రూలేం కాదు, ముప్పై ఏళ్ళు దాటింది. అయినా "మాకెవరూ చెప్పలేదు" అనేవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఊళ్ళో ఉన్నారు.

మా బిజినెస్‌కి ఇది వర్తిస్తుందా?

ఎక్కువమందికి తేల్చేది ఎస్‌ఐసీ కోడ్, అంటే మీది ఏ రకం వ్యాపారమో చెప్పే ప్రభుత్వ నంబర్. ఇప్పుడు అందరూ వాడే ఎన్‌ఏఐసీఎస్ కాదు, పాత నాలుగు అంకెల ఎస్‌ఐసీనే. ఈపీఏ పర్మిట్‌లో ఏ నుంచి ఏడీ దాకా 30 సెక్టార్లు ఉన్నాయి.

మనవాళ్ళు ఎక్కువగా ఉండే వ్యాపారాలు చెప్తా. ఇడ్లీ దోశ పిండి, పచ్చళ్ళు, స్వీట్లు, మిక్చర్ లాంటివి తయారు చేసి ప్యాక్ చేసే యూనిట్ అయితే ఫుడ్ మాన్యుఫాక్చరింగ్, సెక్టార్ యూ. ఫార్మా ప్లాంట్ అయితే సెక్టార్ సీ. ట్రక్కింగ్ కంపెనీ అయితే సెక్టార్ పీ, కానీ అక్కడ మొత్తం స్థలం కాదు, బళ్ళు రిపేర్ చేసే చోటు, ఇంధనం నింపే చోటు, కడిగే చోటు, ఇవే లెక్కలోకి వస్తాయి. ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ సెక్టార్ ఏసీ, ప్లాస్టిక్ మోల్డింగ్ సెక్టార్ వై.

గ్యాస్ స్టేషన్, మోటెల్, రెస్టారెంట్, కిరాణా స్టోర్, వీటికి ఈ ఫెడరల్ ఇండస్ట్రియల్ స్టార్మ్‌వాటర్ పర్మిట్ అక్కర్లేదు, లిస్టులో లేవు. అలాగని పంపు దగ్గర పెట్రోల్ ఒలికితే డ్రెయిన్‌లోకి కడిగేయొచ్చని కాదు, దానికి వేరే చట్టాలున్నాయి, సిటీ రూల్స్ కూడా ఉంటాయి.

ఒక తిరకాసు ఉంది. రెస్టారెంట్ వెనక మొదలుపెట్టిన పిండి వ్యాపారం పెరిగి వేరే షెడ్‌లోకి మారి నాలుగు స్టేట్ల స్టోర్లకి సప్లై చేస్తున్నారనుకోండి, మీరు ఇంకా రెస్టారెంట్ ఓనర్నే అనుకుంటూ ఉంటారు, రూలు దృష్టిలో ఎప్పుడో మాన్యుఫాక్చరర్ అయిపోయారు.

ఈపీఏకి అప్లై చెయ్యాలా, స్టేట్‌కా?

చాలామందికి స్టేట్‌కే. ఈపీఏ స్వయంగా పర్మిట్ ఇచ్చేది మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్, న్యూ మెక్సికో, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టో రికో, ఇంకా చాలావరకు ట్రైబల్ భూముల్లో. మిగతా చోట్ల స్టేట్ ఏజెన్సీలు. టెక్సస్‌లో టీసీఈక్యూ, వాళ్ళ జనరల్ పర్మిట్ (ఒక్కో ప్లాంట్‌కి విడిగా కాకుండా అందరికీ కలిపి రాసిన పర్మిట్) నంబర్ టీఎక్స్‌ఆర్050000. కాలిఫోర్నియాలో స్టేట్ వాటర్ బోర్డ్. న్యూ జెర్సీలో ఎన్‌జేడీఈపీ.

ఈపీఏ వాళ్ళ 2021 పర్మిట్ ఆ ఏడు మార్చి 1న మొదలైంది, రాసిన గడువు 2026 ఫిబ్రవరి 28. దాని తర్వాత రావాల్సిన పర్మిట్ డ్రాఫ్ట్ 2024 డిసెంబర్‌లో బయట పెట్టారు. ఎప్పుడైనా సరే కొత్తది సకాలంలో అమల్లోకి రాకపోతే, అప్పటికే కవరేజీ ఉన్నవాళ్ళకి పాతది కొనసాగుతుంది, గడువు అయిపోయింది కదా అని మానిటరింగ్ ఆపేయకూడదు. ఈ గ్యాప్‌లోనే చాలామంది రికార్డులు ఖాళీగా ఉండిపోతాయి.

మా సామానంతా లోపలే ఉంటుంది, బయట ఏమీ లేదు. అయినా పర్మిట్ కావాలా?

దీనికి నో ఎక్స్‌పోజర్ సర్టిఫికేషన్ అని ఒక దారి ఉంది, మంచి దారి, అర్హత ఉంటే తప్పకుండా వాడుకోండి. ముడిసరుకు, మెషీన్లు, తయారైన సరుకు, చెత్త ఏదీ వానకి, మంచుకి, పారే నీటికి తగలకుండా గట్టి కప్పు కింద ఉండాలి. ఫారంలో 11 ప్రశ్నలుంటాయి, ఒక్కదానికి "అవును" వచ్చినా కుదరదు. ప్రతి 5 ఏళ్ళకీ మళ్ళీ ఇవ్వాలి.

ఎక్కువమంది పడిపోయేది ఎక్కడంటే, "లోపలే" అని ఆఫీసులో కూర్చుని టిక్ పెట్టేస్తారు, వెనక్కి వెళ్ళి చూడరు. మూత లేని డంప్‌స్టర్ ఉంటుంది. దాని కింద నుంచి కారుతూ ఉంటుంది. డస్ట్ కలెక్టర్ కింద తెల్లగా పొడి పేరుకుని ఉంటుంది. పాత మోటార్ ఒకటి "తర్వాత తీసేద్దాం" అని గోడ పక్కన రెండేళ్ళుగా తుప్పు పట్టి ఉంటుంది. కప్పు మీద ఎగ్జాస్ట్ చుట్టూ నూనె మరక. ఇవన్నీ ఎక్స్‌పోజరే. గట్టిగా మూసి, కారకుండా ఉన్న డ్రమ్ములు, ట్యాంకులు బయట ఉన్నా పర్వాలేదు, కండిషన్ బావున్న బళ్ళు పర్వాలేదు.

ఇంకోటి, ఇది మొత్తం ప్లాంట్‌కి కలిపే ఇస్తారు. తూర్పు వైపు డ్రెయిన్‌కి నో ఎక్స్‌పోజర్, పడమర వైపుకి పర్మిట్ అంటే కుదరదు.

మా నీళ్ళు సిటీ డ్రెయిన్‌లోకి పోతాయి, నదిలోకి కాదు కదా?

సిటీ స్టార్మ్ డ్రెయిన్ చివరికి పోయేది వాగులోకో నదిలోకో చెరువులోకో, మధ్యలో ట్రీట్‌మెంట్ ఉండదు. కాబట్టి పర్మిట్ కావాలి. కొన్ని పాత నగరాల్లో వాన నీళ్ళు, మురుగు నీళ్ళు ఒకే పైపులో పోయి ట్రీట్‌మెంట్ ప్లాంట్‌కి చేరతాయి, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, షికాగోల్లో చాలా భాగం అంతే. మీ డ్రెయిన్ నిజంగా అలాంటి కంబైన్డ్ సీవర్‌కే కలిసుంటే ఈ పర్మిట్ అక్కర్లేదు, కానీ నోటి మాట నమ్మకండి, సిటీ ఇంజినీరింగ్ ఆఫీసు నుంచి మ్యాప్ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

అప్లికేషన్ ఎలా, ఎప్పుడు?

నోటీస్ ఆఫ్ ఇంటెంట్ అంటారు, ఎన్‌ఓఐ. ఈపీఏ ఏరియాల్లో ఆన్‌లైన్‌లోనే. కొత్త ప్లాంట్ అయితే డిశ్చార్జ్ మొదలయ్యే ముందు కనీసం 30 రోజులు. దీనికంటే ముందే స్విప్, అంటే స్టార్మ్‌వాటర్ పొల్యూషన్ ప్రివెన్షన్ ప్లాన్, తయారై ఉండాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు, ముందు ఎన్‌ఓఐ పెట్టి తర్వాత ప్లాన్ రాద్దాంలే అంటారు. ఎన్‌ఓఐ మీద సంతకం చెయ్యాల్సింది కంపెనీలో బాధ్యత ఉన్న ఆఫీసర్, అంటే ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, లేదా నిర్ణయాధికారం ఉన్న ప్లాంట్ మేనేజర్. కన్సల్టెంట్ సంతకం చెల్లదు. 2021 పర్మిట్‌లో ఇంకోటి కూడా పెట్టారు, ఈ ప్లాంట్‌కి స్టార్మ్‌వాటర్ పర్మిట్ ఉందని జనానికి కనపడే చోట బోర్డు పెట్టాలి.

స్విప్‌లో ఏముండాలి? కన్సల్టెంట్ ఇచ్చిన టెంప్లేట్ సరిపోతుందా?

టెంప్లేట్‌తో మొదలుపెట్టొచ్చు, దాంతోనే ఆపేస్తే సరిపోదు. ఉండాల్సినవి, టీమ్‌లో ఎవరెవరు ఏ పని, సైట్ మ్యాప్, ఏ మూల ఏ కాలుష్యం రావొచ్చు, దానికి ఏం చేస్తున్నారు, ఇన్‌స్పెక్షన్లూ మానిటరింగూ ఎప్పుడు ఎలా, గతంలో ఏమైనా ఒలికిందా, చివర్లో సంతకం.

ఇందులో నేను ప్రాణంగా చూసేది సైట్ మ్యాప్. గూగుల్ ఫొటో మీద నాలుగు బాణాలు గీసి ఇచ్చిన మ్యాపులు చాలా చూశా. బాణం ఉత్తరానికి ఉంటుంది, నీళ్ళు పడమరకి పారుతుంటాయి. మంచి వాన పడుతున్నప్పుడు రెయిన్‌కోట్ వేసుకుని గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టి యార్డంతా తిరగండి. నీళ్ళు ఎక్కడ పుడుతున్నాయి, ఎక్కడ గుంటలో నిలుస్తున్నాయి, కప్పు పైపు ఎక్కడ దిగుతోంది, పక్క ప్లాట్ నీళ్ళు మీ వైపు వస్తున్నాయా, చివరికి ఏ మూల నుంచి బయటికి పోతున్నాయి, అన్నీ ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఆ ఒక్క వానలో తెలిసేది ఎన్ని మీటింగులు పెట్టినా తెలియదు. పక్కవాళ్ళ నీళ్ళు వస్తున్నాయని ఫొటోలతో రికార్డు ఉంటే రేపు శాంపిల్ ఎక్కువొచ్చినప్పుడు చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

ఇక చెయ్యాల్సిన పనుల్లో ఖర్చు తక్కువవే ముందు. సరుకుని కప్పు కిందికి జరపడం, డంప్‌స్టర్‌కి మూత, తడి చీపురు కాకుండా పొడి స్వీపింగ్, ఒలికితే వెంటనే పీల్చే సామాను దగ్గర పెట్టుకోవడం, మనుషులకి ట్రైనింగ్. ట్రైనింగ్ ఏడాదికోసారి సంతకాల షీట్ తిప్పడం కాదండి, రాత్రి షిఫ్ట్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషికి ఏ మ్యాన్‌హోల్ వాగులోకి పోతుందో తెలియాలి.

వాన కాకుండా వేరే నీళ్ళు డ్రెయిన్‌లోకి పోవచ్చా?

కొన్ని పోవచ్చు. ఫైర్ హైడ్రంట్ ఫ్లషింగ్, మంటలు ఆర్పిన నీళ్ళు, మంచినీటి పైపు నీళ్ళు, ఏసీ నుంచి కారే శుభ్రమైన నీళ్ళు, చెట్లకి పెట్టిన నీళ్ళు, కల్తీ లేని భూగర్భ జలం, సబ్బూ కెమికలూ వాడకుండా గచ్చు కడిగిన నీళ్ళు, అది కూడా ఒలికినవి ముందే ఎత్తేశాకే. పోకూడనివి, డిటర్జెంట్‌తో కడిగిన నీళ్ళు, ఫ్లోర్ మాప్ బకెట్, కూలింగ్ టవర్ ఖాళీ చేసిన నీళ్ళు, ప్రాసెస్ నీళ్ళు. పిండి యూనిట్లలో గ్రైండర్లు బయటికి తెచ్చి హోస్‌తో కడిగే అలవాటు ఉంటే ఈ రోజే ఆపండి, ఆ తెల్ల నీళ్ళు వాగులో ఆక్సిజన్ తినేస్తాయి, చేపలు చస్తాయి. అది మురుగు పైపుకి, గ్రీజ్ ట్రాప్ దాటి, సీవర్ వాళ్ళ అనుమతితో పోవాలి.

ఇన్‌స్పెక్షన్లు ఎన్నిసార్లు?

ఈపీఏ పర్మిట్‌లో కనీసం మూణ్ణెల్లకోసారి, ఏడాదిలో ఒక్కసారైనా నీళ్ళు బయటికి పారుతున్నప్పుడు. దీనికి తోడు మూణ్ణెల్లకోసారి విజువల్ అసెస్‌మెంట్, అంటే పారుతున్న నీళ్ళని రంగులేని శుభ్రమైన గ్లాసు లేదా ప్లాస్టిక్ సీసాలో పట్టి కళ్ళతో చూడటం. రంగు, వాసన, తేటదనం, పైన తేలేవి, అడుగున దిగేవి, మధ్యలో తేలాడేవి, నురగ, నూనె మెరుపు, ఇవన్నీ రాయాలి. ల్యాబ్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, అయినా అందరూ నిర్లక్ష్యం చేసేది ఇదే. నాకైతే ఇదే అన్నిటికంటే విలువైన పరీక్ష, సీసాలో నూనె మెరుపు కనిపిస్తే ఆ రోజే వెతుక్కోవచ్చు, ల్యాబ్ రిపోర్ట్ కోసం రెండు వారాలు ఆగక్కర్లేదు.

శాంపిల్ ఎప్పుడు తియ్యాలి? వాన మన టైముకి రాదు కదా.

రాదు, అదే కష్టం. నీళ్ళు పారడం మొదలైన మొదటి 30 నిమిషాల్లో పట్టాలి, అప్పుడు కుదరకపోతే వీలైనంత త్వరగా, ఎందుకు ఆలస్యమైందో రాసి పెట్టాలి. దానికి ముందు నీళ్ళు పారిన వానకీ దీనికీ మధ్య కనీసం 72 గంటలు ఉండాలి. మంచు కరిగిన నీళ్ళు కూడా పట్టొచ్చు. మెరుపులూ వరదా ఉంటే మనిషిని పంపకండి, ప్రమాదకరమైన వాతావరణం అని రాసుకుని తర్వాతి వానకి తియ్యండి, పర్మిట్ దానికి ఒప్పుకుంటుంది.

ముందే సిద్ధం చేస్కోవాల్సినవి, ల్యాబ్ సీసాలు, ఐసు, చెయిన్ ఆఫ్ కస్టడీ ఫారం (శాంపిల్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో రాసే కాగితం). పీహెచ్ 15 నిమిషాల్లోపు చూడాలి కాబట్టి అక్కడికక్కడే మీటర్‌తో చూస్కోండి, ల్యాబ్‌కి పంపి వచ్చిన పీహెచ్ నిలబడదు. టీఎస్‌ఎస్ (నీళ్ళలో తేలాడే మట్టి, రేణువుల కొలత) శాంపిల్ చల్లగా ఉంచితే 7 రోజుల టైం ఉంటుంది. మెటల్స్ సీసాలో నైట్రిక్ యాసిడ్, సీఓడీ (నీళ్ళలోని కాలుష్యం ఎంత ఆక్సిజన్ తినేస్తుందో చెప్పే కొలత) సీసాలో సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసి ఇస్తారు, నిండిపోయి పొర్లేలా పట్టకండి, యాసిడ్ పోతుంది, చేతికీ తగులుతుంది. గుంటలో నిలిచిన నీళ్ళు కాదు, పారే నీళ్ళు పట్టాలి, అడుగున బురద కెలక్కుండా.

బెంచ్‌మార్క్ దాటింది. ఇది వయొలేషనేనా?

కాదు. ఇది చాలామందికి అర్థం కాక ఒకటి భయపడిపోతారు, లేదా అసలు పట్టించుకోరు. బెంచ్‌మార్క్ అనేది మీ కంట్రోళ్ళు పనిచేస్తున్నాయా లేదా చెప్పే గీత. దాటడం తప్పు కాదు, దాటాక ఏమీ చెయ్యకపోవడం తప్పు.

2021 పర్మిట్‌లో కొన్ని అంకెలు: టీఎస్‌ఎస్ లీటరుకి 100 మిల్లీగ్రాములు, సీఓడీ 120, బీఓడీ (సూక్ష్మజీవులు తినే ఆక్సిజన్ కొలత) 30, నైట్రేట్ నైట్రైట్ కలిపి 0.68, పీహెచ్ 6 నుంచి 9. జింక్, లెడ్ లాంటివి మంచినీటి వాగుల్లో ఆ నీటి కాఠిన్యాన్ని బట్టి మారతాయి. అన్నీ అందరికీ కాదు, పిండి మిల్లుకి టీఎస్‌ఎస్, నూనె మిల్లుకి బీఓడీ, సీఓడీ, నైట్రేట్, టీఎస్‌ఎస్, ఇలా సెక్టార్‌ని బట్టి. బెంచ్‌మార్కే లేని సెక్టార్లు కూడా పీహెచ్, టీఎస్‌ఎస్, సీఓడీ మూణ్ణెల్లకోసారి కొలిచి రిపోర్ట్ చెయ్యాలి, అక్కడ దాటడం అనేదే లేదు, కేవలం సమాచారం.

నాలుగు క్వార్టర్ల సగటు దాటితే, లేదా నాలుగు పూర్తికాకముందే సగటు ఇక ఎలాగూ దాటక తప్పనంత పెద్ద అంకె వస్తే, ఏఐఎం, అంటే అదనంగా తీసుకోవాల్సిన చర్యల మెట్లు మొదలవుతాయి. మొదటి మెట్టులో ప్లాన్ తిరగేసి లోపం వెతికి 14 రోజుల్లో సరిచెయ్యాలి, కుదరకపోతే 45 రోజుల దాకా. మళ్ళీ దాటితే రెండో మెట్టు, మీ సెక్టార్‌కి సాధ్యమైన మంచి పద్ధతులన్నీ పెట్టాలి. మూడోసారి దాటితే కప్పులు, ఫిల్టర్లు, ట్రీట్‌మెంట్ లాంటి కట్టుబడి పనులు, 60 రోజులు, తప్పకపోతే 90. మూడో మెట్టు దాకా వెళ్ళారంటే ఖర్చు వేరే లెవెల్లో ఉంటుంది, అందుకే మొదటి మెట్టులోనే నిజంగా వెతకమని బతిమాలుతుంటా. ఆ మట్టిలోనే సహజంగా ఆ మెటల్ ఉందనో, పక్క ప్లాట్ నుంచి వచ్చిందనో ఆధారాలతో చూపిస్తే మినహాయింపు ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఎఫ్లుయెంట్ లిమిట్, అంటే బయటికి వదిలే నీళ్ళలో దాటకూడని హద్దు, వేరు. ఉదాహరణకి తారు ఎమల్షన్ ప్లాంట్ల నీటికి టీఎస్‌ఎస్ రోజులో గరిష్ఠం 23, నెల సగటు 15. ఇది దాటితే అది నిజమైన వయొలేషనే.

జింక్ ఎప్పుడూ ఎక్కువొస్తోంది, మేము జింక్ వాడనే వాడం.

కప్పు చూడండి. గాల్వనైజ్డ్ రేకులు, గట్టర్లు, కంచె, ఇవి వాన పడ్డ ప్రతిసారీ జింక్ వదులుతాయి. తర్వాత టైర్లు, రబ్బరులో జింక్ ఉంటుంది, ఫోర్క్‌లిఫ్టులు గిర్రున తిరిగే మలుపుల దగ్గర నల్లటి పొడి కనిపిస్తుంది చూడండి, అదే. కప్పు పైపు కింద ఒక శాంపిల్, యార్డు మధ్యలో ఒక శాంపిల్, గేటు దగ్గర ఒకటి విడివిడిగా తీయిస్తే ఎక్కణ్ణుంచో తెలిసిపోతుంది. దీన్ని బట్టి రేకులకి పెయింట్ వెయ్యాలా, స్వీపింగ్ పెంచాలా, కప్పు నీటిని గడ్డి కాలవ మీదుగా మళ్ళించాలా తేల్చుకోవచ్చు. తెలుసుకోకుండా ఫిల్టర్లు కొనేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

కాలిఫోర్నియాలో వేరే అంటారు?

అవును, బాగా వేరే. అక్కడ 2015 జూలై 1 నుంచి అమల్లో ఉన్న పర్మిట్‌లో బెంచ్‌మార్కులు కాదు, ఎన్‌ఏఎల్ (న్యూమరిక్ యాక్షన్ లెవెల్, దాటితే చర్య తీసుకోవాల్సిన అంకె) అంటారు. ఏడాది జూలైలో మొదలవుతుంది, డిసెంబర్ లోపు రెండు వానలు, జూన్ లోపు రెండు వానలు శాంపిల్ చెయ్యాలి, నీళ్ళు పారడం మొదలైన 4 గంటల్లోపు, దానికి ముందు 48 గంటలు డిశ్చార్జ్ ఉండకూడదు. ఫలితాలు స్టేట్ వాళ్ళ స్మార్ట్స్ సైట్‌లో ఎక్కించాలి, ఎవరైనా చూడొచ్చు. వార్షిక రిపోర్ట్ జూలై 15. ఈపీఏ ఏరియాల్లో అది జనవరి 30, శాంపిల్ ఫలితాలు ల్యాబ్ నుంచి పూర్తిగా వచ్చిన 30 రోజుల్లో.

క్వార్టర్లీ ఇన్‌స్పెక్షన్లు ఎప్పుడూ చెయ్యలేదు, ఆడిట్ వస్తోందని మేనేజర్ పాత తేదీలతో షీట్లు నింపి సంతకం పెట్టమంటున్నాడు. ఏం చెయ్యాలి?

పెట్టకండి. ఇది నన్ను అడిగినవాళ్ళలో ఎక్కువమంది కొత్తగా చేరిన కుర్రాళ్ళు, అమ్మాయిలు, వీసా టెన్షన్ ఉన్నవాళ్ళు, పై మనిషి మాట కాదంటే ఉద్యోగం పోతుందని భయం, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ చెయ్యని ఇన్‌స్పెక్షన్ చెయ్యలేదని ఒప్పుకోవడం వయొలేషన్, చేశామని రాయడం నేరం. క్లీన్ వాటర్ యాక్ట్ కింద తెలిసి తప్పుడు రికార్డు రాస్తే 10 వేల డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ళ దాకా జైలు, అది సంతకం పెట్టిన మనిషి మీద కూడా పడుతుంది. ఆ తేదీల్లో వాన పడిందో లేదో వాతావరణ శాఖ రికార్డుల్లో ఉంటుంది, మీరు సెలవులో ఉన్నారో లేదో హెచ్‌ఆర్ దగ్గర ఉంటుంది, పట్టుకోవడం తేలిక.

ఏం చెయ్యొచ్చంటే, ఈ రోజు ఇన్‌స్పెక్షన్ చేసి ఈ రోజు తేదీ వెయ్యండి. పాతవి జరగలేదని, ఇక మీదట ఇలా చేస్తామని ఒక నోట్ రాసి ఫైల్లో పెట్టండి. మేనేజర్‌కి ఈమెయిల్‌లో మర్యాదగా రాయండి, నోటితో కాదు. ఒకవేళ దీనివల్ల ఉద్యోగం తీసేస్తే లేదా వేధిస్తే అదే చట్టంలో 507 సెక్షన్ ఉద్యోగికి రక్షణ ఇస్తుంది, ఓషాకి (ఉద్యోగుల భద్రత చూసే ఫెడరల్ ఏజెన్సీ) కంప్లయింట్ ఇవ్వడానికి టైం 30 రోజులే, కాబట్టి వెంటనే లాయర్‌ని కలవండి.

ఫైన్లు ఎంత? నిజంగా వేస్తారా?

2025 లెక్క ప్రకారం ఫెడరల్ సివిల్ పెనాల్టీ ఒక్కో వయొలేషన్‌కి రోజుకి 68 వేల డాలర్ల పైమాటే, అది గరిష్ఠం, చిన్న ప్లాంట్‌కి అంత రాకపోవచ్చు. కానీ ప్రభుత్వం ఒక్కటే కాదు, సిటిజన్ సూట్ అని ఉంది. మీ వాగు పక్కన ఉండే మనుషులు, నది సంరక్షణ సంఘాలు 60 రోజుల నోటీసు ఇచ్చి మీ మీద ఫెడరల్ కోర్టుకి వెళ్ళొచ్చు. కాలిఫోర్నియాలో ఇవి మరీ ఎక్కువ, ఎందుకంటే మీరు ఎక్కించిన ఫలితాలు వాళ్ళ ముందే ఉంటాయి. నోటీసు వస్తే చెత్తబుట్టలో వెయ్యకండి, కోపంతో జవాబు రాయకండి. ఆ 60 రోజులు సరిదిద్దుకోవడానికి మీకు దొరికిన టైం.

2025 మార్చిలో సుప్రీం కోర్టు శాన్‌ఫ్రాన్సిస్కో వర్సెస్ ఈపీఏ కేసులో, ఏం చెయ్యాలో చెప్పకుండా "చివరికి నది నీటి నాణ్యత బాగుండాలి" అని మాత్రమే పెట్టే షరతులు పర్మిట్లలో చెల్లవని తీర్పిచ్చింది. దాంతో "ఇక స్టార్మ్‌వాటర్ రూల్స్ పోయాయట" అని తిరుగుతున్న మాట నమ్మకండి. స్విప్, ఇన్‌స్పెక్షన్, శాంపిల్, దిద్దుబాటు, ఇవన్నీ "ఇది చెయ్యి" అని చెప్పే షరతులే, అలాగే ఉన్నాయి.

ఇన్నేళ్ళూ పర్మిట్ లేకుండానే నడిపాం. ఇప్పుడు వెళ్తే ఇరుక్కుంటామా?

దాక్కోవడం కంటే వెళ్ళడమే మేలు. ఈపీఏకి ఆడిట్ పాలసీ ఉంది, మీ అంతట మీరు కనుక్కుని, కనుక్కున్న 21 రోజుల్లో చెప్పి, సరిదిద్దుకుంటే, షరతులకి లోబడి, తీవ్రతకి వేసే పెనాల్టీలో 75 శాతం నుంచి మొత్తం దాకా తగ్గించొచ్చు. వాళ్ళు తలుపు కొట్టాక ఇది వర్తించదు. స్టేట్లకి వాళ్ళ పద్ధతులు వాళ్ళవి. ఇక్కడ మాత్రం లాయర్ ఖర్చు పెట్టండి, దాచుకోకండి.

నడుస్తున్న ప్లాంట్ కొంటున్నాం, పర్మిట్ కూడా మాకే వస్తుందా?

ఈపీఏ జనరల్ పర్మిట్ కవరేజీ పేరు మారదు. చేతులు మారే 30 రోజుల ముందే మీ పేరున కొత్త ఎన్‌ఓఐ పెట్టాలి, పాత ఓనర్ ముగింపు నోటీసు ఇవ్వాలి. కొనే ముందు పాత స్విప్, మూడేళ్ళ శాంపిల్ ఫలితాలు, ఏఐఎం ఏ మెట్టులో ఉంది, ఇవి అడగండి. అమ్మేవాళ్ళు తడబడితే ధర మాట్లాడేటప్పుడు అది లెక్కలోకి తీసుకోండి.

మన ఆంధ్ర, తెలంగాణల్లో ఇలాంటిది ఉందా?

ఇలా వాన నీటికి విడిగా జనరల్ పర్మిట్, బెంచ్‌మార్కులు అనే పద్ధతి అక్కడ లేదు. 1974 వాటర్ యాక్ట్ కింద పొల్యూషన్ కంట్రోల్ బోర్డు ఇచ్చే సీఎఫ్‌ఈ (ప్లాంట్ పెట్టడానికి అనుమతి), సీఎఫ్‌ఓ (నడపడానికి అనుమతి) కన్సెంట్లలోనే వాన నీటి కాలవలు వేరుగా ఉంచాలని, అందులో ఎఫ్లుయెంట్ కలపకూడదని షరతులు వస్తాయి. పటాన్‌చెరు చుట్టుపక్కల నక్కవాగు మీదుగా మంజీర దాకా చేరిన కాలుష్యం మీద ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. వాన పడుతుంటే ఆ మాటున ఎఫ్లుయెంట్ వదిలేస్తారని ఇండస్ట్రియల్ ఏరియాల పక్క రైతులు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. పారే నీటిని మూణ్ణెల్లకోసారి సీసాలో పట్టి చూసి, ఆ రికార్డు అందరికీ కనపడేలా పెట్టే పద్ధతి అక్కడ కూడా రావాలని నాకు గట్టిగా ఉంది. అక్కడ ప్లాంట్ ఉన్నవాళ్ళు రూలు వచ్చేదాకా ఆగక్కర్లేదు, సీసా ఎవరైనా పట్టొచ్చు.

ప్లాంట్ మూసేస్తున్నాం, పర్మిట్ దానంతటదే పోతుందా?

పోదు. నోటీస్ ఆఫ్ టర్మినేషన్ పెట్టేదాకా ఇన్‌స్పెక్షన్లూ రిపోర్టులూ మీ మీదే ఉంటాయి. అది పెట్టాలంటే పని ఆగిపోవడం ఒక్కటే చాలదు, వానకి తగిలే సరుకు, స్క్రాప్, డ్రమ్ములు అన్నీ తీసేసి ఉండాలి. మెషీన్లు అమ్మేసి, వెనక తుక్కు కుప్ప అలాగే వదిలేసి తాళం వేసుకుని వెళ్ళిపోయినవాళ్ళకి తర్వాత రిపోర్టులు ఇవ్వలేదని ఉత్తరాలు వస్తాయి. రికార్డులు కవరేజీ ముగిశాక కూడా 3 ఏళ్ళు దాచాలి, స్విప్, ఇన్‌స్పెక్షన్ షీట్లు, ల్యాబ్ రిపోర్టులు, అన్నీ స్కాన్ చేసి ఇద్దరి దగ్గర ఉంచండి.